దాలమ్మ చెవిముద్ర

రెండో నంబరు హెడ్‌ఫోను గొప్పదా, అయిదో నంబరు గొప్పదా అని ఆరుగురం రెండు రోజులు కొట్టుకున్నాం. చేతులతో కాదు లెండి, మాటలతోనే. కానీ రెండో రోజు భోజనాల దగ్గర ఇస్రాయేలు మాస్టారు నా పక్కన కూర్చోకుండా పళ్లెం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయారంటే, వ్యవహారం ఎంతవరకూ వచ్చిందో మీరే ఊహించుకోండి.

నా సంగతి ముందు చెప్పాలి. పేరు తవిటినాయుడు. సాలూరులో మైకుసెట్టు షాపు. పదో తరగతి లెక్కల్లో పోయింది, మళ్లీ కట్టలేదు. పెళ్లిళ్లకీ సభలకీ మైకులు కట్టి కట్టి, ఏ హారన్‌లో తీగ వదులైందో వీధి చివర నించే చెప్పగలిగేంత చెవి వచ్చింది. తర్వాత హెడ్‌ఫోన్ల పిచ్చి పట్టుకుంది. ఎవరెవరి దగ్గరో అడిగి తెప్పించుకోవడం, వారం రోజులు వినడం, ఏది ఎలా ఉందో నెట్‌లో రాయడం. 'చెవి కోసుకునే సంఘం' అని మాకో గ్రూపుంది. తవిటినాయుడు బాబాయి బాగుందన్నాడంటే కళ్లు మూసుకుని కొనెయ్యొచ్చు అనేవాళ్లు అందులో చాలామంది. ఆ మాటకి నేను ఎంత ఉబ్బిపోయేవాణ్ణో చెప్పలేను. ఆ పేరు పట్టుకునే విశాఖపట్నం ల్యాబువాళ్లు నన్ను పిలిచారు.

రుషికొండ దాటాక సముద్రానికి ఎదురుగా ఉంటుందా ల్యాబు. దాన్ని నడిపేది పట్నాయక్ మేడం. సన్నటి మనిషి. చెప్పుల చప్పుడు వినబడకూడదని లోపలంతా వట్టి కాళ్లతోనే తిరుగుతుంది. వినే గది గోడలకి స్పాంజి దిమ్మలు బిగించారు. అందులో చప్పట్లు కొడితే చప్పుడు పుట్టినచోటే చచ్చిపోతుంది. కాసేపు కదలకుండా కూర్చుంటే మన నెత్తురు మనకే వినిపిస్తుంది.

పోల్చడానికి అక్కడో పద్ధతుంది. హెడ్‌ఫోన్ల మీద గుడ్డ తొడిగి నంబర్లు వేస్తారు. అన్నిటి చప్పుడూ మీటరు పెట్టి సమానం చేస్తారు. ఎందుకంటే ఏ రెండు పోల్చినా కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది మనిషికి. అన్నీ సమానం చేశాక మిగిలేది ఉత్త రుచే. రెండో నంబరు నాకు అద్దంలా వినిపించింది. పాడే ఆవిడ గుక్క తిప్పుకున్న చోటు కూడా తెలిసింది. అయిదో నంబరేమో కంబళి కప్పుకుని పాడినట్టుంది. ఇస్రాయేలు మాస్టారు బొబ్బిలిలో చర్చి హార్మోనియం వాయిస్తారు, నలభై ఏళ్ల సర్వీసు. ఆయన అయిదోదే హెడ్‌ఫోనన్నారు. రెండోది చెవిలో ఇంజెక్షన్ సూది పెట్టినట్టుందన్నారు. మాస్టారికి వయసు మీదపడి చెవి మందగించిందని నేను అందరి ముందూ అనేశాను. ఆయన పళ్లెం పట్టుకుని వెళ్లిపోయింది అందుకే.

మూడో రోజు మేడం మా ఇద్దర్నీ పక్కపక్క గదుల్లో కూర్చోబెట్టింది. చెవుల వెనకా కణతల మీదా పెసరగింజంత లోహపు చుక్కలు అంటించింది. పైన హెడ్‌ఫోను పెట్టింది. గుడ్డ మీద నంబరు అయిదు. అదే పాట, అదే ఆవిడ. నేను మొహం చిట్లించుకుని సిద్ధంగా ఉన్నాను.

మేడం ఏదో మీట నొక్కింది.

ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. గొంతు నా ఎదుట లేదు, నా చుట్టూ ఉంది. బురద అని నేను రాసి పారేసిన ఆ కింది చప్పుళ్లలో, అదే బేసులో, గదులున్నాయి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దీపం పట్టుకుని ఎవరో నడుస్తున్నట్టుంది. తంబురాలో నాలుగు తీగెలూ నలుగురు మనుషులైపోయాయి. చలికాలం పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుంటే అరచేతులకి తగిలే వెచ్చదనం ఉంటుందే, అది చెవికి తగిలింది. తర్వాత రెండో నంబరు పెట్టారు. నిజంగానే సూది. గబుక్కున తీసేశాను.

మాస్టారి చెవి అది. ఆయన చెవితో నేను విన్నాను.

బయటికొచ్చేసరికి ఆయన కూడా అప్పుడే వస్తున్నారు. నా చెవితో విని వస్తున్నారన్నమాట. వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "నాయుడుగారూ, ఇంత వెలుతురులో మీరు ఎలా బతుకుతన్నారండీ?" అన్నారు. నేను ముందురోజు అన్న మాటకి సిగ్గుతో ఆయన కాళ్ల వైపే చూస్తూ ఉండిపోయాను.

మేడం తర్వాత కాగితం మీద చెవి బొమ్మ గీసి విడమరిచింది. చెవి ఉత్త గుమ్మమేనట. లోపల్నించి మెదడు ఎప్పుడూ కిందికి ఆజ్ఞలు పంపుతూనే ఉంటుందట, దీన్ని రానియ్యి, దాన్ని తగ్గించు, దీన్ని ముందు కూర్చోబెట్టు అని. పుట్టిన దగ్గర్నించి విన్నవీ, ప్రేమించినవీ, భయపడినవీ కలిసి ఆ ఆజ్ఞలు తయారవుతాయి. ఏ ఇద్దరివీ ఒకలా ఉండవు. ఆ ఆజ్ఞల్ని అచ్చు తీసి ఇంకొకరికి తొడిగే యంత్రం మేడం కనిపెట్టింది. వేలిముద్ర లాగే ఇది చెవిముద్ర. పదకొండేళ్లు పట్టిందట.

ఆ రాత్రి బస్సులో సాలూరు వస్తూ చుట్టూ ఉన్న మనుషుల్నే చూస్తూ కూర్చున్నాను. యాభై మంది, ఒకే ఇంజను మోత. యాభై మోతలు. ఇన్నాళ్లూ ఇది తెలియకుండా ఫలానాది మంచిది, ఫలానాది చెత్త అని ఎంత ధీమాగా రాశాను.

ఇంత తెలిశాక కూడా నేను చేసిన పని వినండి.

నెల తిరక్కుండా మేడం ఫోన్ చేసింది. నూట నలభై మంది ముద్రలు తీశారట. అన్నిట్లోకీ నాది తొడుక్కున్నవాళ్లే అతి చిన్న తేడాలు కూడా పట్టుకోగలుగుతున్నారట. ల్యాబుకి వెనకనున్న కంపెనీ ఆ ముద్రని తమ హెడ్‌ఫోన్లన్నిటిలో పెట్టాలనుకుంటోంది. కొన్నవాళ్లందరూ నాలాగే వింటారు. ఇంక ఏది మంచిదని ఎక్కడా తగువుండదు. నేను సంతకం పెట్టాలి. దానికి ముందు ఎవరైనా ఒకరు ఒక మండలం పాటు, రోజుకి రెండు గంటలు, నా ముద్రతో విని చూడాలి.

నాకు ఇంకెవరూ తోచలేదు. దాలమ్మ పేరే చెప్పాను.

దాలమ్మ నా భార్య. ఆవిడ వినే తీరు నాకు ఏళ్ల తరబడి తలనొప్పి. ఇంట్లో అన్ని రకాల స్పీకర్లుండగా ఫోన్ని స్టీలు గ్లాసులో పడేసి పొయ్యిగట్టు మీద పెట్టి వింటుంది. వినేది కూడా ఒకటే. వాళ్ల ఊరి జాతరలో తీసిన తప్పెటగుళ్ల రికార్డింగు. గాలి హోరు, జనం ఈలలు, దగ్గులు, ఎవరో పిల్ల ఏడుపు, మధ్యలో రేకుల చప్పుడు. గుండెకి తప్పెట కట్టుకుని ఆడే ఆ జట్టులో వాళ్లన్నయ్య సిమ్మన్న ముందువరస. అది తీసిన ఏడాదే పోయాడు. రికార్డింగులో ఒకచోట గట్టిగా కేకేస్తాడు. గ్లాసులోంచి ఆ కేక వచ్చినప్పుడల్లా నేను, "అబ్బబ్బ, ఏటి దాలమ్మా ఆ గోల," అనేవాణ్ణి. ఆవిడ గ్లాసు మీద మూత పెట్టేది.

ల్యాబుకి రమ్మంటే ఒకటే అడిగింది, నొప్పుంటుందా అని. ఉండదన్నాను. సరే అంది.

పరీక్షకి ముందు ఎవరి ముద్ర వాళ్లది తీసి దాచాలని ల్యాబు రూలు. ఏదైనా తేడా వస్తే తిరిగి తొడగడానికి. ముద్ర తీసేటప్పుడు మనిషి తనకి బాగా ఇష్టమైనది వినాలి, ఇష్టం పైకొచ్చినప్పుడే ఆజ్ఞలన్నీ స్పష్టంగా పడతాయి. మేడం ఆ మాట చెప్పి పరికరాలు తేవడానికి పక్కగదిలోకి వెళ్లింది. దాలమ్మ సంచిలోంచి ఫోనూ, స్టీలు గ్లాసూ తీసింది.

నాకు తల తీసేసినట్టయింది. నూట నలభై మందిలో మొదటి చెవి నాది. నా భార్య ఆ గదిలో, ఆ యంత్రాల మధ్య గ్లాసు పట్టుకుని నిలబడింది. నేను ఆ గ్లాసు లాక్కుని తిరిగి సంచిలో పడేశాను. బల్ల మీదున్న వాటిలో మేలైన హెడ్‌ఫోను తీసి ఆవిడ తలకి పెట్టి, నాకెంతో ఇష్టమైన వయొలిన్ కచేరీ పెట్టాను. మేడం వచ్చి, ఇది మీకు ఇష్టమేనా అమ్మా అని అడిగింది. దాలమ్మ నా మొహం చూసి, "బాగున్నాది," అంది. నేను పక్కనే కుర్చీలో కూర్చున్నాను. ముద్ర తీశారు.

ఆ మండలం రోజుల గురించి నిజం చెప్పాలంటే, నా బతుకులో అంత సంతోషం ఎప్పుడూ లేదు. నా ముద్ర పెట్టిన హెడ్‌ఫోను ఇంటికిచ్చి పంపారు. పదిరోజులకే, అది తలమీద లేనప్పుడు కూడా నా చెవి అంటుకుపోయి, దాలమ్మ అన్నం వడ్డిస్తూ, పక్కింటి టీవీలో కింది చప్పుడు బరువెక్కువైందంది. ఇరవయ్యో రోజుకి మా షాపులో ఒక స్పీకరు విని, కుడివైపుది కాస్త వెనకబడుతోందంది. నేను మీటరు పెట్టి చూశాను. వెనకబడుతోంది. ఇద్దరం వీధరుగు మీద కూర్చుని ఒకే చప్పుడుకి ఒకేసారి తలతిప్పేవాళ్లం. నాకు వినిపించేదంతా ఇంకో మనిషికి అచ్చం అలాగే వినిపించడం ఎలా ఉంటుందో మీకెవరికీ తెలియదు. భూమ్మీద నాకొక్కడికే తెలుసు. ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేని గదిలోకి తలుపు తీసుకుని ఒకరు వచ్చి కూర్చున్నట్టుండేది. సంతకం పెట్టే కాగితాలు తీసుకురమ్మని నేనే మేడంకి మెసేజి పెట్టాను.

ముప్ఫై ఏడో రోజు సాయంత్రం దాలమ్మ గుమ్మంలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. తప్పెటగుళ్లు మొదలయ్యాయి. పది సెకన్లు కూడా మోగలేదు, ఆగిపోయాయి. ఏమైందని అడిగాను.

"తుడిసేసినాను," అంది.

"ఏటి తుడిసేసినావు?"

"ఆ రికార్డింగు. ఏటుందయ్యా అందులో? గోల. అన్నియ్య కేక సెవిలో కొడతన్నాది."

చాలా మామూలుగా అంది. బియ్యంలో రాయి ఏరి పారేసినంత మామూలుగా. మొహంలో బాధేమన్నా ఉందేమోనని వెతికాను. లేదు. నా చేతిలో టీ గ్లాసుంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గోల అన్న ఆ మాట నాది. ఇన్నేళ్లూ నేనన్నదే నాకు తిరిగి వినిపించింది. ఆ రికార్డింగు ఇంకెవరి దగ్గరా లేదు. సిమ్మన్న గొంతు ఇంకెక్కడా లేదు.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే ఇద్దరం విశాఖపట్నం వెళ్లాం. దాలమ్మని బయట బల్ల మీద కూర్చోమని, నేను లోపలికెళ్లి ఆవిడ ముద్ర ఆవిడకి తిరిగి తొడిగెయ్యమని మేడంని అడిగాను. దాచిన ముద్ర ఉంది, అరగంట పని అంది మేడం. నాకు గుండె కుదుటపడింది. కుదుటపడ్డాక ఆశ పుట్టింది. ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను, ఆవిడకి లోకం ఎలా వినిపిస్తుందో ఒక్కసారి విని చూస్తానన్నాను. నా మంచికే అడ్డుపడబోయిందో ఏమో, మేడం కాస్త తటపటాయించింది. తర్వాత చుక్కలు అంటించింది.

వయొలిన్ మొదలైంది. నాకిష్టమైన కచేరీయే. మొదలైన క్షణంలోనే వెనక్కి వెళ్లిపోయింది. ఎక్కడో గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టు, వాయించినా మానినా ఒకటే అన్నట్టు. దాని బదులు గదిలో ఇంకో చప్పుడు పెద్దదైంది. మేడం ఊపిరి. మేడం కుర్చీలో కాస్త జరిగితే ఆ కిర్రుమన్న చప్పుడు నా వెన్నులో పాకింది. ఆవిడ గొంతు సవరించుకుంటే నాకు భయం వేసింది, తప్పు చేశానేమోనని. పక్కన కూర్చున్న మనిషి సంతోషంగా ఉన్నారా, విసుక్కుంటున్నారా, ఊపిరి మారిందా, అది తప్ప లోకంలో వినవలసింది ఇంకేదీ లేదు.

ఆ రోజు పక్కన కూర్చున్నది నేను. దాలమ్మ వయొలిన్ వినలేదు. నన్ను వింది.

ఒక మనిషి ఇంకో మనిషిని అంత శ్రద్ధగా వినగలరని నాకు తెలియదు. ఏ హెడ్‌ఫోనూ అంత సన్నటి చప్పుడు పట్టుకోలేదు. మేడం చుక్కలు తీసేసి మంచినీళ్లిచ్చింది. ఆ రోజు నేను స్టీలు గ్లాసు లాక్కున్న సంగతి అప్పుడు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు.

తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ ముద్ర తొడిగితే దాలమ్మ ఎప్పటికీ ఇలాగే ఉండిపోవచ్చు, పక్కవాళ్ల ఊపిరే వింటూ. తొడక్కుండా ఊరుకుంటే, నా ముద్ర నెమ్మదిగా అరిగిపోయి ఆవిడ సొంత చెవి మళ్లీ మొలవొచ్చు, మొలవకపోవచ్చు. పాతదే వస్తుందని చెప్పలేం. కానీ ఒక్క షరతు. ఏది బాగుందో ఏది బాలేదో ఆవిడకి ఎవరూ చెప్పకూడదు, ముఖ్యంగా నేను.

ఏం చెయ్యాలో తేల్చుకోవాల్సింది నేను కాదని అప్పటికి తెలిసింది. దాలమ్మని లోపలికి పిలిచి ఆవిడకే చెప్పమన్నాను. మేడం అంతా విడమరిచి చెప్పింది. దాలమ్మ విని, నా వైపు చూసింది. నేను తల దించుకుని ఊపిరి బిగబట్టాను. వదిలితే ఆవిడకి వినబడుతుందని.

"ఏటీ తొడగొద్దు," అంది చివరికి. "వొదిలీండి."

కంపెనీ కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. నేను సంతకం పెట్టనన్నాను. లక్షలమంది ఇళ్లలో లక్షలమంది తవిటినాయుళ్లు కూర్చుని గోల, గోల అంటున్నట్టు నా కళ్ల ముందు కనిపించింది. పదకొండేళ్ల పని కదా, మేడం బతిమాలుతుందనుకున్నాను. ముద్ర ఎవరిదో వాళ్లు వద్దంటే వద్దే అంది. నా ఎదురుగానే దాన్ని చెరిపేసింది. చెరిపేటప్పుడు ఆవిడ వేలు మీట మీద ఎంతసేపు ఆగిందో నేను చూశాను.

తర్వాత అయిదు నెలలు. అంత కష్టమైన పని మైకుసెట్టు బతుకులో ఏదీ చెయ్యలేదు. దాలమ్మ ఏం పెట్టుకున్నా మధ్యలో ఆపేసేది. ఇల్లు చప్పబడిపోయింది. "ఇది బాగుందేటి?" అని నన్నడిగేది. నీకెలగుందని అడిగేవాణ్ణి. "నాకేటీ లేదు, అందుకే నిన్నడగతన్నాను," అని విసుక్కునేది. నేను నాలిక కరుచుకుని లేచి షాపుకి పోయేవాణ్ణి. సంఘంలో ఒక్క ముక్క రాయలేదు. బాబాయి పోయాడా అని ఒకరు పెడితే, లేదు, ఎవరో చెవి కోసేసుంటారని ఇంకొకరు పెట్టారు. ఇస్రాయేలు మాస్టారు మాత్రం రెండు వారాలకోసారి బొబ్బిలి నించి వచ్చి, నా పక్కన కూర్చుని, టీ తాగి, ఏమీ అడక్కుండా వెళ్లేవారు.

మొన్న దాలమ్మ పిన్ని కూతురి ఇంటికి విజయనగరం వెళ్లి వస్తున్నాం. ప్రైవేటు బస్సు. డ్రైవరు వెనకాల మా నెత్తి మీదే స్పీకరు. లోపల చప్పుడు పుట్టించే కాగితం అడ్డంగా చిరిగిపోయింది. పాట ఏదో కూడా తెలియడం లేదు, ప్రతి మాటకీ ఒక బర్రుమనే చప్పుడు అతుక్కుని వస్తోంది. కిటికీ అద్దం వదులై దానికి తోడు గలగలమంటోంది. నా పళ్లు జివ్వుమంటున్నాయి. గజపతినగరం దాకా ఓర్చుకున్నాను. ఇంక ఆపమని చెబుదామని లేవబోయాను.

దాలమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్యి."

"ఏటి, ఇదా?"

"ఊఁ. బాగున్నాది."

"స్పీకరు సిరిగిపోయింది దాలమ్మా," అన్నాను. అనకూడదని తెలిసీ నోరు జారింది.

"నీకు బాగుండదులే. నాకు బాగున్నాది. కూకో."

కూర్చున్నాను. నా మొహం వైపు ఆవిడ చూడను కూడా లేదు. కిటికీలోకి తిరిగి, ముందు సీటు కమ్మీ మీద వేలితో దరువేస్తోంది. ఆ దరువు పాటది కాదు, ఇంజనుది కాదు, అద్దం గలగలది కూడా కాదు. ఆ మూడింటి మధ్యలోంచి ఎక్కణ్ణించో ఏరుకుంటోంది. నేను కళ్లు మూసుకున్నాను. ముప్ఫై రెండేళ్లు చెవి మీద బతికినవాణ్ణి, ఉన్న చెవంతా పెట్టి వెతికాను. నాకు చిరిగిన కాగితం తప్ప ఏమీ దొరకలేదు.

ఆవిడ వేలు ఆగలేదు. సాలూరు వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.